వర్చువల్‌బాక్స్‌కి సెక్యూరిటీ ప్యాచ్ వేసుకునే పద్ధతి

మన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు బీటెక్, డిప్లొమా పిల్లలు చాలామంది విండోస్ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, ఆ లోపలిదాన్ని వర్చువల్ మెషీన్, పొట్టిగా వీఎం అంటారు) వేసుకుని దాన్లో ఉబుంటూనో కాలీ లినక్సో నడుపుతుంటారు, లోపలున్న లినక్స్‌ని శ్రద్ధగా అప్‌డేట్ చేస్తారు గానీ వర్చువల్‌బాక్స్ మాత్రం వేసిన రోజు ఏ వెర్షనో ఇప్పటికీ అదే ఉంటుంది. లోపల ఏ వైరస్ ఆడినా బయటికి రాదని కదా మన ధైర్యం, ఆపేది ఆ సాఫ్ట్‌వేరే, దాన్లోనే లొసుగుంటే ఇంక అడ్డేముంది, నేరుగా మన విండోస్ మీదికొచ్చేస్తుంది. 2015లో వెనమ్ అని ఒక లొసుగు బయటపడింది, క్యూఈఎంయూ అనే ఇలాంటి ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఫ్లాపీ డ్రైవ్ కోసం రాసిన కోడ్‌లో తప్పు, 2004 నుంచీ అలాగే ఉందట, ఆ కోడ్ వాడుకున్న జెన్, కేవీఎం లాంటి సాఫ్ట్‌వేర్లకీ, మన వర్చువల్‌బాక్స్‌కీ తగిలింది.

వర్చువల్‌బాక్స్ తయారుచేసే ఒరాకిల్ వాళ్లు ఇలాంటి లొసుగులకి ప్యాచ్‌లు (వాటిని పూడ్చే అప్‌డేట్లు) మామూలుగా జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల్లో మూడో మంగళవారం వదుల్తారు, ఫోన్‌లో రిమైండర్ పెట్టేసుకోండి. అక్టోబర్ అంటే మనకి తుఫాన్ల నెల, 2013 ఫైలిన్, 2018 తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి, అందుకని కరెంటు ఉన్నప్పుడే బ్యాటరీ ఫుల్ చేసుకుని మొదలుపెట్టండి.

ముందు వీఎంని పూర్తిగా షట్‌డౌన్ చెయ్యాలి. సేవ్ స్టేట్‌లో (నడుస్తున్నది నడుస్తున్నట్టే ఆపి దాచడం) వదిలేస్తే కొత్త వెర్షన్‌లో అది తెరుచుకోకపోవచ్చు. తర్వాత ఆ వీఎం ఫోల్డర్ మొత్తం బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చెయ్యండి, స్నాప్‌షాట్ (వీఎం ఒకప్పుడు ఎలా ఉందో దాచిపెట్టుకున్నది) ఉందిగా అనుకోవద్దు, అదీ అదే డిస్క్‌లో కూర్చుంటుంది, డిస్క్ పోతే రెండూ పోతాయి. అప్పుడు అసలు సైట్ నుంచే ఇన్‌స్టాలర్ దింపుకుని పాతదాని మీదే నడపండి, ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చింది వద్దు. మధ్యలో నెట్ ఒక్క క్షణం కట్ అవుతుంది, కంగారు పడకండి. ఎక్స్‌టెన్షన్ ప్యాక్ (వర్చువల్‌బాక్స్‌కి అదనపు సౌకర్యాలిచ్చే ప్యాకేజీ) వాడుతుంటే సరిగ్గా అదే వెర్షన్‌ది మళ్లీ వెయ్యాలి. ఆఖర్న వీఎం ఆన్ చేసి డివైసెస్ మెనూలో గెస్ట్ అడిషన్స్ (వీఎం లోపల వేసుకునే డ్రైవర్లు, టూల్స్) సీడీ పెట్టి అదీ కొత్తది చేసుకోండి, దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు.

వెంటనే ప్యాచ్ వేసే వీలు లేకపోతే అప్పటిదాకా వాడని యూఎస్‌బీ కంట్రోలర్, షేర్డ్ ఫోల్డర్, షేర్డ్ క్లిప్‌బోర్డ్, త్రీడీ యాక్సిలరేషన్ తీసేసి ఉంచండి. ఇది తాత్కాలికమే, కానీ 2024 మార్చిలో యూఎస్‌బీ కంట్రోలర్ లొసుగులకి వీఎమ్‌వేర్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ చేసే వాళ్లు కూడా ప్యాచ్ వేసేలోపు ఆ కంట్రోలర్ తీసెయ్యమనే చెప్పారు.

ఇంక ఆఫీసుల్లో ఈఎస్‌ఎక్స్‌ఐ (సర్వర్ మీద వీఎంలు నడిపే వీఎమ్‌వేర్ సాఫ్ట్‌వేర్) సర్వర్లు చూసుకునే అన్నలకి ఒక మాట. 2023 ఫిబ్రవరిలో ఈఎస్‌ఎక్స్‌ఐఆర్గ్స్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వేల సర్వర్లని లాక్ చేసింది, అది దూరిందని ఫ్రాన్స్ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ చూపించిన లొసుగుకి ప్యాచ్ 2021 ఫిబ్రవరిలోనే వచ్చింది. దయచేసి సర్వర్ మేనేజ్‌మెంట్ పేజీని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకండి, ప్యాచ్ వేసేముందు వీఎంలని వేరే సర్వర్‌కి మార్చుకుని, ప్యాచ్ వేసే సర్వర్‌ని మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి చెయ్యండి.

అంతా అయ్యాక హెల్ప్‌లో అబౌట్ తెరిచి వెర్షన్ నంబర్ మారిందో లేదో చూడండి, నెట్, సౌండ్, షేర్డ్ ఫోల్డర్ పనిచేస్తున్నాయంటే ఓ వారం ఆగి ఆ బ్యాకప్ కాపీ తీసేసుకోవచ్చు.