కార్పెంటర్ హారర్ సినిమాలు: ఏ వరసలో చూడాలి, డాబా మీద తెర ఎలా కట్టాలి

అమెరికన్ దర్శకుడు జాన్ కార్పెంటర్ సినిమాల్లో భయం ఎక్కువగా తెర అంచుల్లో ఉంటుంది. 'హాలోవీన్' (1978) నుంచి ఆయన ముఖ్యమైన సినిమాలన్నీ 2.35:1 (ఎత్తుకి 2.35 రెట్లు వెడల్పు) ఫ్రేములో తీసినవే. మన టీవీలు 16:9 కాబట్టి పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. అవి బాగాలేవని రిమోట్‌లో 'జూమ్' నొక్కితే, బొమ్మ వెడల్పులో దాదాపు పావు వంతు పోతుంది. 'హాలోవీన్'లో మాస్కు వేసుకున్న హంతకుడు మైకేల్ మయర్స్ తరచూ నిలబడేది ఆ పావు వంతులోనే.

పిక్చర్ మోడ్ 'సినిమా'లో పెట్టండి, కదలికల్ని నున్నగా చేసే సెట్టింగు తీసేయండి. చీకటి ఎక్కువగా ఉందని బ్రైట్‌నెస్ మాత్రం పెంచొద్దు. 'హాలోవీన్' చివర్లో కథానాయిక లారీ తలుపు పక్కన ఆనుకుని ఏడుస్తుంటే, వెనక నల్లటి గుమ్మంలోంచి తెల్లటి ముఖం నెమ్మదిగా తేలుతుంది. ఛాయాగ్రాహకుడు డీన్ కండీ అక్కడ వెలుగు కొద్దికొద్దిగా పెంచుతూ వచ్చారు. బ్రైట్‌నెస్ పెంచిన టీవీలో నలుపు బూడిదరంగుకి తిరిగి ఆ ముఖం ముందే తెలిసిపోతుంది, షాటు చచ్చిపోతుంది.

ప్రొజెక్టర్ ఉంటే కోనసీమలో డాబాని మించిన చోటు లేదు. 8 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు తెల్లగుడ్డ తీసుకోండి. సినిమా బొమ్మ అందులో 3.4 అడుగుల ఎత్తే వస్తుంది. మిగిలిన చోట పైనా కిందా ఆరున్నర అంగుళాల చొప్పున నల్లగుడ్డ కుట్టిస్తే నలుపు బాగా నిలుస్తుంది. త్రో రేషియో (బొమ్మ వెడల్పుకి ప్రొజెక్టర్ ఎన్ని రెట్ల దూరంలో ఉండాలో చెప్పే అంకె) 1.2 ఉన్న ప్రొజెక్టర్‌ని తెరకి 9 అడుగుల 7 అంగుళాల దూరంలో పెట్టాలి. గుడ్డ పైఅంచుకీ కిందిఅంచుకీ మడత కుట్టి సరుగుడు కర్రలు దూర్చండి. పైకర్ర ఒక్కటే కడితే సముద్రపు గాలికి తెర పొంగి, ఫోకస్ మధ్యలో ఒకలా అంచుల్లో ఒకలా ఉంటుంది.

ఏసీ గదిలోంచి ప్రొజెక్టర్‌ని నేరుగా బయటికి తెస్తే లెన్స్ మీద చెమ్మ పడుతుంది. తుడవకుండా, మూత పెట్టి అరగంట ఉంచండి. చలికాలంలో రాత్రి ముదిరేకొద్దీ మంచు కురిసి గుడ్డ తడిసి సాగుతుంది కాబట్టి ఏడింటికల్లా మొదలుపెట్టాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది కదా అనుకోకండి, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద చాలా స్పీకర్లు గుయ్యిమంటాయి. సైన్ వేవ్ ఇన్వర్టరే కావాలి.

మొదటి రాత్రి 'హాలోవీన్', 91 నిమిషాలు. సంగీతం కూడా కార్పెంటరే చేశారు, అయిదు దెబ్బల తాళంలో. మృదంగం నేర్చినవాళ్లు తకిట తకిట తక తక అని వెంటనే పట్టేస్తారు. ఆ తాళం ఎక్కడా కుదురుగా కూర్చోనివ్వదు.

రెండోది 'ద ఫాగ్' (1980). లైట్‌హౌస్‌లో రేడియో స్టేషన్ నడిపే ఆవిడ, సముద్రం మీంచి ఊళ్లోకి వచ్చే పొగమంచు. అంతర్వేది లైట్‌హౌస్ చూసినవాళ్లకి ఇది ఇంకా దగ్గరగా తగులుతుంది. మొదట కూర్చిన కాపీ భయపెట్టలేదని కార్పెంటర్ చాలా భాగం మళ్లీ తీశారు. కథ కొంచెం పలచన, వాతావరణం మాత్రం అద్భుతం.

తర్వాతే 'ద థింగ్' (1982). ఆయన సినిమాల్లో అత్యుత్తమం ఇదే. అంటార్కిటికా శిబిరంలో పన్నెండుమంది, ఎవరు మనిషో ఎవరు కాదో తెలియదు. విడుదలైనప్పుడు ఆడలేదు. దాన్ని డబ్బింగులో చూడొద్దు, ఇంగ్లీషులోనే సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. మొదట్లో నార్వే మనిషి అరిచే మాటలకి అర్థం వెతక్కండి, గుట్టు ముందే బయటపడుతుంది. టీవీలో 'నైట్ మోడ్' సౌండు తప్పక తీసేయండి. అది నిశ్శబ్దాన్నీ అరుపునీ ఒకే మట్టానికి తెస్తుంది. ఎవరు మనిషో తేల్చడానికి కాల్చిన తీగని ఒక్కొక్కరి రక్తంలో ముంచే సన్నివేశానికి ఆ రెంటి మధ్య తేడానే ప్రాణం. మేకప్ ఎఫెక్ట్స్ నిపుణుడు రాబ్ బాటిన్ చేసిన రాక్షస రూపాలు జుగుప్సగా ఉంటాయి, పిల్లలని కూర్చోబెట్టొద్దు.

'ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్' (1987), 'ఇన్ ద మౌత్ ఆఫ్ మ్యాడ్‌నెస్' పై మూడూ నచ్చితేనే చూడండి. ఈ రెంటిలో 'మ్యాడ్‌నెస్' ముందు చూడండి, అందులో శామ్ నీల్ నటన గొప్పది. 'ద వార్డ్' (2010) వదిలేసినా నష్టం లేదు.