కస్టడీ గొడవలో ఫెడరల్ కోర్టుకి పోదాం అనుకునే ముందు చూసుకోవాల్సినవి

అమెరికాలో ఉన్న మనవాళ్లకి కస్టడీ ఆర్డర్ ఎదురు తిరగ్గానే ముందు వచ్చే మాట ఒకటే, ఈ జడ్జి అన్యాయం చేశాడు, ఫెడరల్ కోర్టుకి పోదాం అని. ఆ ఆలోచన ఎక్కణ్ణించి వస్తుందో తెలుసు. మన దగ్గర కోర్టులన్నీ ఒకే నిచ్చెన కదా, విజయవాడ ఫ్యామిలీ కోర్టులో ఓడిపోతే హైకోర్టు, అక్కడా కాకపోతే ఢిల్లీలో సుప్రీంకోర్టు. అమెరికాలో నిచ్చెనలు రెండు, రాష్ట్రానిది (స్టేట్) ఒకటి, కేంద్రానిది (ఫెడరల్) ఒకటి, పక్కపక్కనే ఉంటాయి. కస్టడీ కేసు ఎక్కేది స్టేట్ నిచ్చెన మీద, కింది కోర్టు, స్టేట్ అప్పీల్ కోర్టు, స్టేట్ సుప్రీంకోర్టు, ఆ చివర మాత్రమే వాషింగ్టన్‌లో యూఎస్ సుప్రీంకోర్టు. మీ ఊళ్లో ఉన్న ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టు బిల్డింగ్ ఎంత పెద్దగా ఉన్నా అది ఫ్యామిలీ కోర్టుకి పైకోర్టు కాదు.

అందుకే అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది క్యాలెండర్. ఆర్డర్ ఏ రోజు సంతకమైంది, మీకు నోటీసు ఏ రోజు అందింది, స్టేట్ అప్పీలుకి ఎన్ని రోజులు ఉంది. టెక్సాస్‌లో ఫైనల్ ఆర్డర్ మీద మామూలుగా 30 రోజులు, న్యూజెర్సీలో 45, కాలిఫోర్నియాలో ఆర్డర్ ఎంటర్ అయిందన్న నోటీసు ఇచ్చిన దగ్గర్నుంచి 60. టెంపరరీ ఆర్డర్లకి, పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ శాఖ సీపీఎస్ వాళ్లు పిల్లల్ని తీసుకెళ్లిన కేసులకి రూల్స్ వేరు, గడువు ఇంకా తక్కువ కూడా ఉండొచ్చు, ఆ సంగతి లాయర్ని అదే రోజు అడగాలి. ఫెడరల్ కోర్టులో కేసు వేసినంత మాత్రాన ఈ గడువు ఆగదు. అక్కడ కేసు నాలుగు నెలలు నడిచి కొట్టేశాక వెనక్కి తిరిగి చూస్తే స్టేట్‌లో అప్పీలు దారి కూడా మూసుకుపోయి ఉంటుంది, అసలు నష్టం అదే.

రాజ్యాంగ హక్కుల మాట ఎక్కడ ఎత్తాలి అన్నదాంట్లో కూడా చాలామంది పొరపాటు పడతారు. తల్లిదండ్రులుగా మా రాజ్యాంగ హక్కు పోయింది కాబట్టి ఇది ఫెడరల్ విషయమే కదా అంటారు. ఆ హక్కు ఉంది, నిజమే, కానీ దాన్ని గట్టిపరిచిన పెద్ద తీర్పులు చూడండి. 2000లో వచ్చిన ట్రాక్సెల్ కేసు, తాతా నానమ్మలకి పిల్లల్ని చూసే హక్కు గురించి, అది వాషింగ్టన్ స్టేట్ కోర్టుల మీదుగా పైకి వెళ్లింది. 1982 శాంటోస్కీ కేసు, తల్లిదండ్రుల హక్కు పూర్తిగా తీసేయాలంటే మామూలు రుజువు సరిపోదు అన్నది, అది న్యూయార్క్ కోర్టుల మీదుగా. రెండూ స్టేట్ నిచ్చెనే. అదే 1982లో పెన్సిల్వేనియా తల్లి ఒకావిడ ముగ్గురు కొడుకుల మీద హక్కు పోయాక ఫెడరల్ కోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని అక్రమంగా పట్టి ఉంచారని వేసే పిటిషన్, వేస్తే, లేమన్ కేసులో సుప్రీంకోర్టు అది కుదరదు అంది. కాబట్టి రాజ్యాంగం పాయింట్ ఏదన్నా ఉంటే ఫ్యామిలీ కోర్టు జడ్జి ముందే, కాగితం మీద, ఇప్పుడే ఎత్తండి. కింద ఎత్తని పాయింటు పైన వినరు.

ఇక ఫెడరల్ కోర్టు గుమ్మంలో అడ్డంగా ఉండేవి మూడు. మొదటిది డొమెస్టిక్ రిలేషన్స్ ఎక్సెప్షన్ అంటారు, 1859 నుంచి నానుతూ వచ్చిన మాట, విడాకులు, భరణం, పిల్లల కస్టడీ మీద డిక్రీ ఇచ్చే పని ఫెడరల్ కోర్టులు చేయవు. రెండోది రూకర్ ఫెల్డ్‌మన్ అనే సూత్రం, 1923, 1983 కేసుల పేర్లు కలిపి అట్లా అంటారు. స్టేట్ కోర్టులో ఓడిపోయినవాడు ఆ తీర్పే తప్పని చెప్పి ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టుకి వస్తే కుదరదు, ఆ తీర్పుని చూసే అధికారం యూఎస్ సుప్రీంకోర్టుకే. 2005లో దీన్ని కాస్త బిగించి, ఓడిపోయినవాళ్లు తీర్పు వచ్చాక వేసిన కేసులకే వర్తిస్తుంది అన్నారు గానీ కస్టడీ ఆర్డర్ మీద కోపంతో వేసేవి చాలామటుకు సరిగ్గా ఆ గీత లోపలే పడతాయి. సరే, తీర్పు ఇంకా రాలేదు కదా, మధ్యలోనే పోతా అంటారా, అప్పుడు మూడోది యంగర్, స్టేట్‌లో నడుస్తున్న కొన్ని రకాల కేసుల్లో వేలు పెట్టకూడదని 1971 నుంచి ఉన్న పద్ధతి, 1979లో టెక్సాస్‌లో పిల్లల్ని అధికారులు తీసుకెళ్లిన కేసుకి కూడా ఇదే వర్తింపజేశారు. అంటే తీర్పు ముందు పోతే ఒక అడ్డు, తర్వాత పోతే ఇంకో అడ్డు.

మన వీసాల వాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఒకటుంది, ఇది లోకల్ లాయర్లు కూడా ఒక్కోసారి ఆలోచించరు. వేర్వేరు రాష్ట్రాల వాళ్ల మధ్య, 75,000 డాలర్లకి మించిన దావా అయితే డైవర్సిటీ కింద ఫెడరల్ కోర్టు తీసుకుంటుంది కదా, భర్త డల్లాస్‌లో, భార్య ఎడిసన్‌లో, కాబట్టి మాది వస్తుంది అనుకుంటారు. ఇద్దరూ ఇండియన్ పౌరులే అయితే, హెచ్ వన్ బీ, హెచ్ ఫోర్ ఏదైనా సరే, ఇద్దరు విదేశీయుల మధ్య కేసుకి డైవర్సిటీ లేదు. ఒకరు సిటిజెన్, ఇంకొకరు గ్రీన్ కార్డు, ఇద్దరి కాపురం ఒకే రాష్ట్రంలో అంటే కూడా లేదు. ఇంకో విచిత్రం, అమెరికా సిటిజెన్‌షిప్ తీసుకుని హైదరాబాద్‌లో స్థిరపడినవాళ్లు ఏ రాష్ట్రం వాళ్లూ కారు, ఆ డొమెస్టిక్ రిలేషన్స్ ఎక్సెప్షన్ సంగతి దాకా పోకముందే వాళ్ల కేసు డైవర్సిటీ లేదని ఆగిపోతుంది.

మరి తలుపు అసలు తెరుచుకోదా అంటే తెరుచుకుంటుంది. 1992లో యాంకెన్‌బ్రాంట్ అనే లూసియానా కేసులో, తండ్రీ ఆయనతో ఉండే ఆవిడా కూతుళ్లని హింసించారని తల్లి నష్టపరిహారం అడిగితే, ఇది కస్టడీ మార్చమని అడగడం కాదు, దెబ్బలకి డబ్బు అడగడం, కాబట్టి ఫెడరల్ కోర్టు వినొచ్చు అని సుప్రీంకోర్టు చెప్పింది. తేడా అక్కడే ఉంది, మీ పిటిషన్ చివర్లో మీరు ఏం ఇమ్మని అడుగుతున్నారో ఒక్క లైన్‌లో రాసుకోండి, ఆ లైన్లో పిల్లాణ్ణి నాకు ఇప్పించండి అని ఉంటే ఎన్ని సెక్షన్లు రాసినా జడ్జి మొదటి పేజీలోనే పసిగడతాడు.

రాజ్యాంగ హక్కులు కాలరాస్తే దావా వేసుకోనిచ్చే ఫెడరల్ చట్టం సెక్షన్ 1983 (ఇది ఏడాది కాదు, సెక్షన్ నంబరు) కింద ప్రభుత్వ అధికారుల మీద వేసే కేసులు కూడా అంతే, సీపీఎస్ ఆఫీసరు కోర్టు ఆర్డర్ లేకుండా, అర్జెంటు ప్రమాదమేదీ లేకుండా పిల్లల్ని తీసుకుపోతే అట్లాంటివి నిలబడిన సందర్భాలున్నాయి. కానీ మనవాళ్లు ఏం చేస్తారంటే కోపంలో జడ్జి, పిల్లల తరఫున కోర్టు పెట్టిన గార్డియన్, అవతలి లాయరు, ఎక్స్ (మాజీ భర్త లేదా భార్య), ఎక్స్ వాళ్ల అమ్మ, అందర్నీ కలిపి ముద్దాయిల్ని చేస్తారు. జడ్జిగా చేసిన పనికి జడ్జి మీద డబ్బు దావా నడవదు, 1978లో స్టంప్ కేసులో ఇంకా ఘోరమైన ఆర్డర్ ఇచ్చిన జడ్జిని కూడా వదిలేశారు. ఎక్స్ ప్రభుత్వం కాదు, ఊరికే కోర్టుకి వెళ్లి గెలిచినంత మాత్రాన ప్రభుత్వం తరఫున చేసినట్టు కాదు. ఈ దావా వేసే గడువు కూడా రాష్ట్రాన్ని బట్టి, టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో రెండేళ్లు, న్యూయార్క్‌లో మూడు. ఇంకోటి, ఆ ఫ్యామిలీ జడ్జే మీ పిల్లలకి 18 వచ్చేదాకా మీ ఫైల్ చూస్తుండొచ్చు, మీరు కేసు వేశారని ఆయన తనంతట తాను తప్పుకోవాల్సిన పని లేదు.

స్టేట్ కేసుని లాక్కొచ్చి ఫెడరల్ కోర్టులో పెట్టే రిమూవల్ అనే ఎత్తు కూడా నెట్‌లో చదివి కొందరు వేస్తారు. కస్టడీ కేసైతే దాదాపు ఖాయంగా వెనక్కి పంపేస్తారు, ఆధారం లేకుండా తెచ్చారని అవతలివాళ్ల లాయర్ ఫీజు మీ మీద వేసే అధికారం కూడా జడ్జికి ఉంది. పైగా వాయిదా వెనక్కి జరపడానికే చేశారని ఫ్యామిలీ జడ్జికి అర్థమవుతుంది.

కస్టడీకి దగ్గరగా ఉండి ఫెడరల్ కోర్టు నిజంగా వినే పని హేగ్ ఒప్పందం కింద పిల్లల్ని వెనక్కి పంపించడం. 1980 ఒప్పందం, అమెరికాలో 1988 చట్టం, ఫెడరల్ కోర్టులోనూ వేయొచ్చు, స్టేట్ కోర్టులోనూ వేయొచ్చు. లండన్‌లోనో, సిడ్నీలోనో, సింగపూర్‌లోనో స్థిరపడిన తెలుగు జంటలో ఒకరు 16 ఏళ్లలోపు బిడ్డని తీసుకుని డల్లాస్ వచ్చేస్తే రెండోవాళ్లు ఈ తలుపు తట్టొచ్చు, కానీ ఏడాది దాటకుండా తట్టాలి, దాటితే బిడ్డ ఇక్కడ కుదురుకుంది అని అవతలివాళ్లు వాదిస్తారు. అక్కడా కోర్టు తేల్చేది బిడ్డ ఎవరిది అని కాదు, బిడ్డని మామూలుగా బతికిన దేశానికి వెనక్కి పంపాలా వద్దా అని మాత్రమే.

ఇండియా ఆ ఒప్పందంలో లేదు. అందుకే వేసవి సెలవులకి టికెట్లు బుక్ చేసే ముందే స్టేట్ ఫ్యామిలీ కోర్టులో ఆర్డర్ తెచ్చుకోవాలి, వెళ్లే తేదీ, వచ్చే తేదీ, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉండాలి అన్నీ రాసి ఉండాలి. అమెరికా విదేశాంగ శాఖ (స్టేట్ డిపార్ట్‌మెంట్) దగ్గర పిల్లల పాస్‌పోర్ట్ అలర్ట్ ప్రోగ్రామ్‌లో పేరు పెట్టండి, కానీ అది అమెరికన్ పాస్‌పోర్టుకి మాత్రమే, పిల్లాడికి ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే దాన్ని అది పట్టుకోదు. తిరిగి రాకపోతే 1993 చట్టం కింద ఫెడరల్ నేరమే, మూడేళ్ల దాకా జైలు, అయితే వారెంటు పుట్టినంత మాత్రాన బిడ్డ ఫ్లైట్ ఎక్కదు. అప్పుడు పోరాటం తెలంగాణ, ఆంధ్ర హైకోర్టుల్లో హెబియస్ కార్పస్ రూపంలో ఉంటుంది, 2017లో నిత్య ఆనంద్ రాఘవన్ కేసులో మన సుప్రీంకోర్టు విదేశీ ఆర్డర్ కంటే బిడ్డ క్షేమమే ముందు అంది కాబట్టి అమెరికా ఆర్డర్ చూపించగానే పని అయిపోదు. అమెరికాలో మాత్రం బిడ్డ ఆర్నెల్లుగా ఉన్న రాష్ట్రానికే మొదటి హక్కు, వెళ్లిపోయాక కూడా కొన్నాళ్లు ఆ హక్కు ఉంటుంది, అందుకే తిరిగి వస్తారులే అని ఎదురుచూస్తూ నెలలు పోనివ్వకుండా వెంటనే కేసు వేయాలి.

ఇన్ని విన్నాక కూడా ఫెడరల్ కోర్టే అంటే, ఫీజు 405 డాలర్లు, పిల్లల పూర్తి పేర్లు రాయకూడదు, పొడి అక్షరాలే రాయాలి, ఫైల్ చేసినవి ఫెడరల్ కోర్టుల ఆన్‌లైన్ రికార్డు పేసర్‌లో ఎవరైనా చదవగలరు. లాయర్ లేకుండా మీ తరఫున మీరు వాదించుకోవచ్చు గానీ చాలా ఫెడరల్ కోర్టుల్లో బిడ్డ తరఫున వాదించలేరు. లాయర్ని పెట్టుకుంటే, ఇట్లాంటి కేసు ఒకటి కొట్టేయకుండా ముందుకి నడిపించారా, ఆ కేసు నంబర్ చెప్పండి అని అడగండి, నంబర్ చెప్పలేనివాళ్లకి రిటైనర్, అంటే ముందస్తు ఫీజు, ఇవ్వకండి.

ఆర్డర్ ఇంకా రాకపోతే తర్వాతి వాయిదాకి కోర్టులో మాట్లాడినవన్నీ రాసుకునే కోర్టు రిపోర్టర్ ఉంటారా లేదా ఇప్పుడే కనుక్కోండి. కాలిఫోర్నియాలో చాలా ఫ్యామిలీ కోర్టుల్లో మీరు సొంత ఖర్చుతో పెట్టుకుంటే తప్ప ఎవరూ ఉండరు, జడ్జి ఏమన్నాడో రికార్డు లేకపోతే స్టేట్ అప్పీల్ కోర్టుకి చూపించడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.