మెడికల్ బోర్డు ‘అన్‌ఫిట్’ అని రాస్తే ఇంటికి బయలుదేరకండి

పోయిన నెల ఒక కుర్రవాడు విశాఖ నుంచి రైల్లో వచ్చి, ఆముదాలవలసలో దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. సైనిక అధికారులను తయారుచేసే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ)లో చేరడానికి రాతపరీక్ష గట్టెక్కాడు. ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ (సైనిక ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూలో ఎంపికయ్యాడు. తరువాత సైనిక ఆసుపత్రిలో మెడికల్ బోర్డు ‘తాత్కాలికంగా అనర్హుడు’ అని రాసింది. కారణాలు రెండు: చెవిలో గట్టిపడిన గులిమి, ఉండాల్సినదానికన్నా కాస్త ఎక్కువ బరువు. అతను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఊళ్లో ముఖం చూపించలేక మేనమామ గారింట్లో ఉండిపోయాడు. నా దగ్గరికి వచ్చేసరికి 51వ రోజు. అప్పీలుకు గడువు 42 రోజులు.

సైన్యం వైద్య విభాగంలో పనిచేసి వచ్చినవాడిని నేను. ఇలా చేతికందినది జారవిడుచుకున్నవాళ్లలో అతను మొదటివాడు కాదు. మళ్లీ ఇంటర్వ్యూల కాలం వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. నియమాల్లో రాసి ఉన్న సడలింపులు తప్ప, ఎవరో పెద్దాయన సంతకంతో వచ్చే మినహాయింపు అంటూ ఏదీ లేదు. ఉన్నది అప్పీలు. మొదటి బోర్డు అనర్హుడంటే, అది తాత్కాలికమైనా శాశ్వతమైనా, అప్పీల్ బోర్డును కోరే హక్కు మీకుంది. మొదటి బోర్డు పూర్తయిన నాటి నుంచి 42 రోజుల్లో ఆ పరీక్ష కూడా ముగియాలి. చికిత్స ఈలోపే, మీ ఖర్చుతోనే. అక్కడా కాదంటే రివ్యూ బోర్డు కోరవచ్చు. అయితే అది హక్కు కాదు, కేసు బలాన్ని బట్టి పై అధికారులు అనుమతిస్తేనే జరుగుతుంది. అందుకే మీ ప్రాణమంతా ఆ 42 రోజుల మీద పెట్టండి.

ఇక వెళ్లేముందు చూసుకోవలసినవి.

కళ్లు. కళ్లజోడు పోతుందని ఇంటర్‌లోనే లేజర్ ఆపరేషన్ చేయించే తల్లిదండ్రులున్నారు. 20 ఏళ్లు నిండకముందు చేయించినదాన్ని బోర్డు ఒప్పుకోదు. ఎన్‌డీఏలో చేరే వయసేమో 19న్నర దాటకూడదు. అంటే మేలు చేస్తున్నామనుకుని ఆ తలుపు మీరే మూసేస్తున్నారు. డిగ్రీ తరువాత సైనిక అధికారుల ఎంపిక పరీక్ష సీడీఎస్‌కు వెళ్లేవారు కూడా లేజర్ జరిగి కనీసం ఏడాది నిండాకే బోర్డు ముందుకు వెళ్లాలి. రంగుల గుర్తింపులో లోపానికి చికిత్స లేదు. ఆ పరీక్ష పదో తరగతిలోనే చేయించండి, బిడ్డ నాలుగేళ్లు ఆశపడిన తరువాత కాదు.

మూత్రపరీక్ష. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతాల పిల్లలకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మనకు తెలుసు. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్, రక్తంలో మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఆరు నెలల ముందే చూపించుకోండి. బాగా పరుగెత్తిన మరునాడు పరీక్షకు వెళ్లకండి. శ్రమ వల్ల కూడా మూత్రంలో ప్రోటీన్ కొద్దికాలం కనిపిస్తుంది. ఒళ్లునొప్పులకు మందుల షాపులో బిళ్లలు కొని మింగే అలవాటు మానండి.

పచ్చబొట్లు. మోచేతి లోపలి వైపు నుంచి మణికట్టు దాకా, అరచేతి వెనుక భాగం మీద తప్ప శాశ్వతమైన పచ్చబొట్టు ఎక్కడున్నా ఒప్పుకోరు. సవర, జాతాపు గిరిజన బిడ్డలకు ఆచారంగా పొడిపించిన వాటికి సడలింపు ఉంది, ఎవరి కేసు వారిదిగా చూస్తారు. జాతరలో సరదాగా భుజం మీద వేయించుకున్నదానికి ఆ సడలింపు వర్తించదు.

ఆపరేషన్లు. హెర్నియా వంటివి ఉంటే ఇప్పుడే తేల్చుకోండి. కోత మానడానికి, తరువాత బోర్డు అడిగే వ్యవధికి నెలలు పడుతుంది. అది 42 రోజుల్లో ఇమడదు. చేయించుకున్న ఆపరేషన్ దాచకండి. మచ్చ కనిపిస్తుంది, స్కానింగులో తెలుస్తుంది. డిశ్చార్జి కాగితాలు వెంట తీసుకెళ్లండి.

గులిమి మీరే పుల్లతో తీయకండి, చెవి డాక్టరు చేత తీయించండి. పళ్లు ముందే బాగుచేయించండి. బరువు తగ్గాలని వారం రోజులు పస్తుండకండి. రక్తపోటు 140/90 దాటితే కంగారు పడకండి, 24 గంటలు యంత్రం కట్టి మళ్లీ చూస్తారు. రంగుల గుర్తింపు పరీక్షకు చూపించే పుస్తకంలో అంకెలు బట్టీ పట్టకండి. మెడికల్ నేను చూసుకుంటానన్నవాడికి రూపాయి ఇవ్వకండి. వాడు మీ సర్టిఫికెట్లు అడిగితే అసలే ఇవ్వకండి. కారణం అర్థం కాకపోతే బోర్డు అధ్యక్షుడినే అడగండి. అప్పీలు గురించి చెప్పడం ఆయన బాధ్యత. అప్పీలు కోరుతున్నానని అక్కడే రాసివ్వండి. ఎక్కడికి, ఏ తేదీన రావాలో తెలుసుకోకుండా గేటు దాటకండి. చికిత్స చేసిన డాక్టరు దగ్గర కాగితం తీసుకోండి.

గేటు దాటకండి అని మళ్లీ చెబుతున్నాను. తాత్కాలికం అంటే తాత్కాలికమే.

బోర్డు ముగిసిన తేదీ నుంచి 42 లెక్కపెట్టి, ఆ చివరి రోజు చుట్టూ ఇంట్లో క్యాలెండరు మీద సున్నా చుట్టించండి. అమ్మకో నాన్నకో ఆ సాయంత్రమే ఫోను చేసి చెప్పండి. తిడతారేమోనని దాచిన రోజులు కూడా ఆ లెక్కలోనే పోతాయి.