ఫ్యాక్టరీ రీసెట్ జోలికి పోకుండా పెద్దవాళ్ళ ఫోన్ శుభ్రం చేయడం ఎలా?

పండక్కి ఊరెళ్తే ముందు కాఫీ వస్తుంది, దాని వెనకే ఓ ఫోన్ వస్తుంది. "ఏరా, ఇది ఊరికే టింగుటింగుమంటోంది, ఏంటో చూడు" అంటూ బాబాయి చేతిలో పెడతాడు. తెరిస్తే లాక్ స్క్రీన్ మీద ఎవరిదో పెళ్ళి ఫొటో, పైనుంచి కిందికి లాగితే నలభై నోటిఫికేషన్లు, వాటిలో ఎర్రగా మెరుస్తూ "మీ ఫోన్‌లో 13 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే నొక్కండి" అని ఒకటి. ఏళ్ళ తరబడి మా ఇంట్లో ఈ డ్యూటీ నాదే. అందుకే చెప్తున్నా, నేను ఊళ్ళో లేనప్పుడు ఎవరో ఒకరు దీన్ని బాగుచేస్తామని కూర్చుని అంతా పాడుచేసి వెళ్తుంటారు.

ఆ పాడుచేసే పద్ధతి పేరు ఫ్యాక్టరీ రీసెట్, అంటే ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసి కొన్నప్పటిలా చేయడం. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టడమే అది. రెండేళ్ళ కిందట మా పిన్ని ఫోన్‌కి ఒక మేనల్లుడు ఇదే చేశాడు. వాట్సాప్ బ్యాకప్ ఆన్‌లో లేదు, పోయిన మా పెదనాన్న పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ పోయాయి. పోనీ చెత్త పోయిందా అంటే, కంపెనీ వాడు ముందే వేసిన యాప్‌లు రీసెట్‌కి ఎక్కడికీ పోవు, మిగతావి గూగుల్ అకౌంట్‌తో లాగిన్ కాగానే 'రీస్టోర్' అని అడిగితే వాడే సరే అన్నాడు, అవీ వచ్చేశాయి. మూడో రోజుకి పిన్ని మళ్ళీ అదే సినిమా సైట్‌కి వెళ్ళి మళ్ళీ అదే 'అలౌ' నొక్కింది.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. ఆ ఫోన్, ఛార్జర్, పక్కన ఇంకో ఫోన్, ఒక గంట సమయం. ఫోన్ యజమాని మాత్రం పక్కనే కూర్చోవాలి, ఇది తప్పదు. ఫోన్ తీసుకుని వేరే గదిలోకి పోయి బాగుచేసి తెస్తే వాళ్ళకేమీ తెలియదు, వచ్చే పండక్కి మళ్ళీ మీకే పని.

ముందుగా, మోగుతున్నదేదో పట్టుకోండి

నోటిఫికేషన్‌ని పక్కకి తోసేయకండి, దానిమీద వేలు నొక్కిపట్టండి. ఏ యాప్ పంపిందో చూపిస్తుంది. "వైరస్‌లు ఉన్నాయి" అని చెప్పేది వైరస్ కాదు, పదిలో ఎనిమిదిసార్లు అది క్రోమ్. అంటే ఏదో సైట్‌లో "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అంటే మనవాళ్ళు బుద్ధిగా నొక్కారు. అలా నొక్కిన ప్రతి ఫోన్ ఆ సైట్‌కి డబ్బే, ఆ దారిలో ఎవరి ప్రకటనైనా తోయొచ్చు. క్రోమ్‌లో పైన మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ 'అలౌడ్' కింద ఉన్నవన్నీ తీసేయండి. బాబాయి ఫోన్‌లో 26 సైట్లున్నాయి, వాటిలో ఒక్కటీ ఆయన గుర్తుపట్టలేదు. అన్నీ అయ్యాక పైన ఉన్న మెయిన్ స్విచ్ కూడా ఆపేయండి. ఏ సైట్‌కీ నోటిఫికేషన్ పంపే హక్కు ఉండకూడదు, పేపర్ల సైట్లకి కూడా. కొందరు "బ్రేకింగ్ న్యూస్ కావాలి కదా" అంటారు. అక్కర్లేదు.

ఇక్కడే చాలామంది ఓ ఫోన్ క్లీనర్ యాప్ వేస్తారు. వేయకండి. ఫ్రీగా వచ్చే క్లీనర్ యాప్ బతికేదే ప్రకటనల మీద.

కంపెనీ వాడు పెట్టిన చెత్త

సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి పై నుంచి కిందికి ఒక్కోటీ చూడండి. తెలియనిదాని గురించి పక్కనున్న మనిషిని అడగండి, "ఇది వాడతావా?" అని. లేదంటే అన్‌ఇన్‌స్టాల్, అది కుదరకపోతే డిసేబుల్. లాక్ స్క్రీన్‌లో బొమ్మలు మారే ఫీచర్ ఆపేయండి. కొన్ని ఫోన్లలో 'పర్సనలైజ్డ్ యాడ్స్' అనో 'రికమండేషన్స్' అనో స్విచ్‌లుంటాయి, సెట్టింగ్స్ సెర్చ్‌లో ఆ మాటలు కొడితే దొరుకుతాయి. ఇరవై నిమిషాల పని.

ఇవి ఎందుకున్నాయో పెద్దవాళ్ళకి ఓ మాట చెప్తే మంచిది, లేకపోతే "కంపెనీ వాడు పెట్టాడంటే అవసరమేలే" అనుకుంటారు. 2018లో షావోమీ అధినేత లే జున్ హార్డ్‌వేర్ మీద తమ నికర లాభం ఎప్పటికీ 5 శాతం దాటదని బహిరంగంగా మాట ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మరి మిగతా డబ్బు ఎక్కడినుంచి రావాలి? ఫోన్ అమ్మాక దానిలోపలి నుంచి. ఇది ఒక్క కంపెనీ కథ కాదు, పదిహేను వేలలోపు ఫోన్లు దాదాపు అన్నీ ఇదే లెక్క మీద నడుస్తాయి. పెద్ద ఫోన్లూ మడికట్టుకుని ఏం కూర్చోలేదు, తన సెర్చ్‌నే ముందుగా పెట్టుకున్నందుకు గూగుల్ 2021 ఒక్క ఏడాదిలో ఫోన్, బ్రౌజర్ కంపెనీలకి 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని అమెరికా కోర్టు విచారణలో బయటపడింది. మన దేశంలో 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది, తన యాప్‌లన్నీ కట్టగట్టి ఫోన్ల మీద రుద్దడం అందులో ఒక అభియోగం. ముందే వేసి ఉన్న యాప్‌కి అంత విలువ ఉంది కాబట్టే మీరు తీసేస్తానంటే 'అన్‌ఇన్‌స్టాల్' బటన్ బూడిద రంగులో ఉంటుంది.

అసలు కష్టమంతా ఇక్కడే: బయటినుంచి వచ్చిన ఏపీకే

ఇప్పటిదాకా తప్పు చేసినా కొంపలేం మునగవు. ఇక్కడినుంచి మాత్రం నెమ్మదిగా చదవండి.

ప్లే స్టోర్ నుంచి కాకుండా ఫైల్‌గా వచ్చి ఫోన్‌లో దిగేదాన్ని ఏపీకే అంటారు. రెండు దారుల్లో వస్తుంది. ఒకటి వాట్సాప్: ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ అని, పెళ్ళి శుభలేఖ అని తెలిసినవాళ్ళ నంబర్ నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ళ ఫోన్ ముందే దెబ్బతింది. రెండోది ఉచిత సినిమా, లేదా డబ్బు కట్టాల్సిన యాప్ 'మోడ్' రూపంలో, అంటే ఎవరో మార్చిన కాపీగా, ఫ్రీగా. దొంగ సినిమా సైట్ మనకి సినిమా ఊరికే ఇస్తోందంటే డబ్బు ఇంకెక్కడో తీసుకుంటోందన్నమాట. ఐబొమ్మ నడిపే వ్యక్తిని 2025 నవంబర్‌లో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నప్పుడు చెప్పిందీ అదే, బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద సంపాదన అని. అలాగని బాబాయికి నీతులు చెప్పకండి. డబ్బు కట్టి చూద్దామన్నా ఒక్కో సినిమా ఒక్కో ఓటీటీలో ఉంటుంది, ప్రైమ్ వీడియో అయితే 2025 జూన్ నుంచి మన దేశంలో చందా కట్టినవాళ్ళకి కూడా ప్రకటనలు వేస్తోంది, వద్దంటే ఇంకా కట్టాలి. మనిషి దొంగ సైట్‌కి ఎందుకు పోతాడో వాళ్ళకీ తెలుసు.

దొంగ ఏపీకే ఎలా ఉంటుందో చెప్తాను. నేను చూసిన ఫోన్‌లో యాప్‌ల లిస్టులో ఒకదానికి పేరే లేదు, పేరుండాల్సిన చోట ఖాళీ, బొమ్మ తెల్లగా. హోమ్ స్క్రీన్ మీద అసలే కనిపించదు. దాన్ని తెరిచి అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే పేజీ దానంతట అదే వెనక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ నొక్కా, మళ్ళీ వెనక్కి. మూడోసారి నాకు చెమట పట్టింది. ఫోన్ పాడైందనుకోకండి, ఆ యాపే మీ వేలికన్నా ముందు 'బ్యాక్' నొక్కుతోంది. దానికి యాక్సెసిబిలిటీ అనుమతి ఉంది. కళ్ళు సరిగా కనపడనివాళ్ళ కోసం పెట్టిన సౌకర్యం అది, స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మన బదులు నొక్కగలదు. దొంగ యాప్‌కి అది దొరికితే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

కాబట్టి అన్‌ఇన్‌స్టాల్‌తో మొదలుపెట్టకండి. అందరూ అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. వరుస ఇది, మార్చకండి.

ముందు ఫ్లైట్ మోడ్. వైఫై కూడా ఆగిందో లేదో కళ్ళతో చూడండి, కొన్ని ఫోన్లలో ఫ్లైట్ మోడ్‌లోనూ వైఫై ఉండిపోతుంది. ఆ తర్వాత పక్కనున్న రెండో ఫోన్ నుంచి బ్యాంకుకి ఫోన్ చేసి ఖాతాలో తెలియని లావాదేవీ ఏదైనా ఉందేమో కనుక్కోండి. డబ్బు పోయి ఉంటే ఫోన్ బాగుచేయడం పక్కన పడేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ డబ్బు ఇంకో ఖాతాకి మారేలోపు ఆపించడానికి ప్రతి నిమిషం లెక్కే. "పొద్దున్నే బ్యాంకుకి వెళ్దాంలే" అనే మాట రానివ్వకండి.

తర్వాత సేఫ్ మోడ్. పవర్ బటన్ పట్టుకుంటే వచ్చే 'పవర్ ఆఫ్' మీద వేలు నొక్కిపడితే చాలా ఫోన్లలో అడుగుతుంది. సేఫ్ మోడ్‌లో మనం వేసుకున్న యాప్‌లు నడవవు, కాబట్టి దొంగ కూడా నిద్రపోతాడు. ఇప్పుడు సెట్టింగ్స్ సెర్చ్‌లో 'యాక్సెసిబిలిటీ' కొట్టి, డౌన్‌లోడ్ అయిన యాప్‌ల కింద ఆన్‌లో ఉన్నది ప్రతిదీ ఆపేయండి, నిజంగా చూపు కోసం వాడేది ఉంటే తప్ప. తర్వాత 'డివైస్ అడ్మిన్' (ఫోన్ మీద అదనపు అధికారం ఉన్న యాప్‌ల లిస్టు) కొట్టి అక్కడా తెలియనిది ఆపేయండి, అది ఆన్‌లో ఉన్నంతవరకూ యాప్ కదలదు. ఇంకో మూడు చూడాలి: నోటిఫికేషన్లు చదివే అనుమతి, వేరే యాప్‌ల మీద కనిపించే అనుమతి, 'అన్‌నోన్ యాప్స్' ఇన్‌స్టాల్ చేసే అనుమతి. మూడోదాంట్లో వాట్సాప్, క్రోమ్, ఫైల్ మేనేజర్ అన్నీ ఆఫ్‌లో ఉండాలి. మెసేజ్‌లకి డిఫాల్ట్ యాప్ ఏదో కూడా చూడండి, ఓటీపీలు వెళ్ళేది అటే.

ఇవన్నీ అయ్యాకే అన్‌ఇన్‌స్టాల్. ఇప్పుడు మాట వింటుంది.

ఫోన్ మామూలుగా రీస్టార్ట్ చేసి అదే లిస్టు ఇంకోసారి చూడండి. ప్లే స్టోర్‌లో యాప్‌లని తనిఖీ చేసే ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందా? దొంగ సినిమా యాప్‌లు "ఇన్‌స్టాల్ కావాలంటే ముందు ఇది ఆపండి" అని వీడియో పెట్టి మరీ చెప్తాయి, మనవాళ్ళు ఆపేసి ఉంటారు. ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి ఏపీకేకి యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే ఫోనే అడ్డుపడుతుంది. దాన్ని దాటడానికి 'అలౌ రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్' నొక్కమని ఎవరు చెప్పినా వాడు మోసగాడే, ఇందులో నాకు మినహాయింపుల్లేవు. ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ ఎవరి నంబర్‌కైనా పెట్టి ఉందేమో, వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్‌లో తెలియని కంప్యూటర్ ఉందేమో చూసి తీసేయండి. యూపీఐ పిన్, గూగుల్ పాస్‌వర్డ్ మార్చండి, పాస్‌వర్డ్ మాత్రం రెండో ఫోన్ మీదే మార్చడం మంచిది.

ఇంత చేసినా ఆ ఖాళీ పేరు మళ్ళీ కనిపిస్తే, అప్పుడు చేయండి ఫ్యాక్టరీ రీసెట్, నేనే చేస్తాను. ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ తీసుకున్నాక. యాప్‌లు మాత్రం రీస్టోర్ చేయకండి, ఒక్కోటీ ప్లే స్టోర్ నుంచి కొత్తగా వేయండి.

కాల్స్, మెసేజ్‌లు

మిగిలింది చిన్నది. ఇంగ్లిష్‌లో స్టార్ట్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, సున్నా పెట్టి 1909కి మెసేజ్ పంపితే డీఎన్‌డీ, అంటే ప్రకటనల కాల్స్, మెసేజ్‌లు వద్దనే నమోదు, పడుతుంది. "పెట్టించాం, ఏం లాభం లేదు" అంటారు అందరూ. డీఎన్‌డీ పెట్టించి వదిలేస్తే లాభం ఉండదు, వచ్చినదాని మీద ఫిర్యాదు చేయాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో నిబంధనలు మార్చింది. ఇంతకుముందు మూడు రోజుల్లో ఫిర్యాదు చేయాల్సి ఉండేది, ఇప్పుడు ఏడు రోజులు. మామూలు పదంకెల నంబర్ నుంచి అమ్మకాల కాల్స్ చేసేవాడి మీద పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు పడితే చర్య మొదలవుతుంది, ఇంతకుముందు ఏడు రోజుల్లో పది కావాల్సి వచ్చేది. అంటే మీ వీధిలో ఐదుగురు తల్చుకుంటే చాలు. 1909కే, లేదా ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో, నంబర్, తేదీ, వాడు ఏం అమ్మబోయాడో రాసి పంపండి. మెసేజ్ పంపినవాడి పేరు చివర పి ఉంటే అది ప్రకటన, ఎస్ ఉంటే సర్వీసు, టి అంటే లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. బాబాయికి ఇది భలే నచ్చింది, ఇప్పుడు చివరి అక్షరం చూడకుండా ఏదీ తెరవడు.

ఫోన్ చేసేదెవరో పేరు చూపించే ట్రూకాలర్ వేయమంటారా అని అడుగుతారు, నేను వేయను. స్టాక్‌హోమ్‌లో పుట్టిన ఆ కంపెనీని ఎక్కువమంది వాడేది మన దేశంలోనే, రాబడిలో పెద్ద భాగం ప్రకటనలదే, కాబట్టి పనికిరాని కాల్స్ రేపు పూర్తిగా ఆగిపోతే దానికి పండగేమీ కాదు. వాడేవాళ్ళు వాడుకోండి, మా ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లలో మాత్రం అది ఉండదు.

అయ్యాక ఫోన్ వెంటనే ఇచ్చి వచ్చేయకండి. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ హిస్టరీ అని ఉంటుంది, అది ఆన్ చేసి, మామూలుగా వాడుకోమని ఒకటి రెండు రోజులు వదిలేయండి. బస్సెక్కే ముందు ఆ లిస్టు ఒక్కసారి తెరిస్తే ఇంకా ఎవడైనా మోగిస్తుంటే పేరుతో సహా అక్కడ ఉంటాడు. మొన్న సంక్రాంతికి నాకు కనిపించింది ఒకే ఒక్కటి, రాత్రి పదకొండుకి లోన్ ఇస్తానన్న కరెంటు బిల్లు యాప్.