సముద్ర జీవుల డేటాలో మీ టీమ్ పేర్లు గల్లంతవకుండా చూసుకోవడం ఎలా

ప్రపంచ సముద్ర జీవుల రికార్డులు దాచే ఓబిస్‌కి డేటా పంపే టీముల్లో ఒక తంతు ఉంటుంది. ప్రాజెక్టు అయిపోయాక పెద్దసారు మీటింగ్ పెట్టి, అందరికీ సర్టిఫికెట్లు పంచి, గ్రూప్ ఫొటో దిగి, ఇది అందరి కష్టమూ అంటారు. మంచిదే, సమోసాలు కూడా బాగుంటాయి. కానీ రేపు నార్వేలోనో బ్రెజిల్‌లోనో ఎవరో ఆ డేటాను డౌన్‌లోడ్ చేసుకుంటే వాళ్లకి మన సర్టిఫికెట్లు కనపడవు, ఫైల్లో ఎవరి పేరుంటే వాళ్లే కనపడతారు. ఎవరికైనా నిజంగా గుర్తింపు దక్కాలంటే ముందు వాళ్ల పేరు స్ప్రెడ్‌షీట్‌లో పడాలి, శాలువాలు ఆ తర్వాత సంగతి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రపంచంలోని సముద్ర జీవులు ఎక్కడ, ఎప్పుడు కనిపించాయో ఆ రికార్డులన్నీ ఒకచోట చేర్చే వ్యవస్థ ఓబిస్. 2000లో మొదలైన సెన్సస్ ఆఫ్ మెరైన్ లైఫ్‌తో పాటు పుట్టింది, 2009 నుంచి యునెస్కోలోని సముద్ర శాస్త్ర కమిషన్ కింద ఉంది, ఆఫీసు బెల్జియంలోని ఆస్టెండ్‌లో. ఇప్పుడు అందులో 10 కోట్లకు పైగా రికార్డులున్నాయి. ఒక్కో ప్రాంతానికి డేటా తీసుకుని ఓబిస్‌కి చేర్చే ఒక కేంద్రం, అంటే నోడ్ ఉంటుంది, మనకి కొచ్చిలోని సీఎంఎల్ఆర్‌ఈ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర జీవుల పరిశోధన సంస్థ నడిపే ఇండ్‌ఓబిస్.

చిక్కు ఎక్కడుందంటే, ఓబిస్ తప్పనిసరి అని చెప్పే కాలమ్స్‌లో తేదీ, అక్షాంశం, రేఖాంశం, శాస్త్రీయ నామం లాంటివి ఉంటాయి గానీ మనుషుల పేర్లు ఉండవు. పేర్లు ఖాళీగా వదిలేసినా డేటా హాయిగా వెళ్లిపోతుంది, ఎర్రర్ రాదు, ఎవరూ అడగరు. అందుకే ఈ పని ఎవరో ఒకరు పట్టుబట్టి చేయాలి, మీరు ఇంతదాకా చదివారంటే ఆ ఒకరు బహుశా మీరే.

మొదలు పెట్టాల్సింది పడవ ఎక్కే ముందు. ఫీల్డ్ షీట్‌లో చేప పేరు, లోతు, వల రకం రాసే కాలమ్స్ పక్కనే ఎవరు చూశారు, ఎవరు గుర్తుపట్టారు అని రెండు కాలమ్స్ గీయండి. తర్వాత గుర్తు తెచ్చుకుని రాద్దాంలే అనుకుంటే అయ్యే పని కాదు, ఆర్నెల్లయ్యాక ఆ రోజు పడవలో ఎవరెవరున్నారని అడిగితే ముగ్గురు మూడు రకాలుగా చెప్తారు. జీవుల రికార్డుల్లో ఏ సంగతి ఏ గడిలో రాయాలో చెప్పే డార్విన్ కోర్ ప్రమాణంలో ఈ రెండింటికీ గడులున్నాయి: రికార్డెడ్‌బై, ఐడెంటిఫైడ్‌బై. రికార్డెడ్‌బైలో పేర్లు ఎక్కువుంటే మధ్యలో నిలువు గీత పెట్టి రాయాలి, అసలు సేకరించిన మనిషి పేరు ముందు రావాలి. దయచేసి ఆ గడిలో ‘సర్వే టీమ్’ అని రాసి చేతులు దులుపుకోకండి.

ఐడెంటిఫైడ్‌బై గురించి కాస్త గట్టిగానే చెప్తాను, ఎందుకంటే అందరికన్నా అన్యాయమయ్యేది అక్కడే. పాలీకీట్ అనే సముద్రపు పురుగుని మైక్రోస్కోప్ కింద పెట్టి, పక్కలనున్న సన్నటి ముళ్ల ఆకారం ఒక్కొక్కటీ చూసి ఫలానా జాతి అని తేల్చడానికి ఒక పూట పట్టొచ్చు, దాని వెనక ఏళ్ల తరబడి చదివిన చదువు ఉంటుంది. ఆ మనిషి మన టీమ్ కూడా కాకపోవచ్చు, ఎక్కడో ఇంకో ఊళ్లో కూర్చుని మనం పంపిన సీసాలు చూసి పెడతారు. పేపర్లో చివరి పేరాలో కృతజ్ఞతలు అని ఒక వాక్యంతో సరిపెట్టేస్తారు. పేరు ఐడెంటిఫైడ్‌బైలో పడితే ఆ రికార్డు ఎక్కడికి పోతే అక్కడికి ఆ పేరూ పోతుంది, పైగా రేపు ఎవరికైనా ఆ గుర్తింపు మీద అనుమానమొస్తే అడగాల్సిన మనిషెవరో తెలుస్తుంది.

పేరు రాస్తే చాలదు, మనవాళ్ల విషయంలో అసలు చాలదు. ఇంటిపేరు ఒక్క అక్షరమైపోయి, కె. శ్రీనివాసరావు అని వెతికితే ఎంతమంది వస్తారో మీకు చెప్పక్కర్లేదు, అదే మనిషి ఒక పేపర్లో శ్రీనివాసరావు కె., ఇంకోదాంట్లో కె.ఎస్. రావు. దీనికి మందు ఆర్కిడ్ (ORCID) నంబర్, ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే గుర్తింపు సంఖ్య. 2012లో మొదలైంది, 16 అంకెలు, ఫ్రీ, తీసుకోవడానికి టీ తాగినంత సేపు చాలు. టీమ్‌లో చేరిన రోజునే ప్రతి ఒక్కరి చేతా తీయించి, రికార్డెడ్‌బైఐడీ, ఐడెంటిఫైడ్‌బైఐడీ గడుల్లో ఆ లింకు పెట్టండి, పేర్లు ఏ వరసలో ఉన్నాయో ఐడీలూ అదే వరసలో ఉండాలి. చనిపోయినవాళ్లకి ఆర్కిడ్ ఉండదు, వాళ్లకి వికీపీడియా వాళ్ల డేటాబేస్ వికీడేటాలోని నంబర్ వాడతారు. మ్యూజియం నమూనాల మీద పనిచేసేవాళ్లు బయోనోమియా అనే వెబ్‌సైట్ కూడా చూడండి, ఏ నమూనా ఎవరు సేకరించారో, ఎవరు గుర్తుపట్టారో కలిపి చూపిస్తుంది.

ఇక మత్స్యకారులు. పాట్రిక్ రస్సెల్ అనే దొర విశాఖపట్నం చేపల మీద 1803లో లండన్‌లో రెండు సంపుటాలు అచ్చేయించాడు, 200 చేపలకి బొమ్మలతో సహా, స్థానికంగా పిలిచే పేర్లతో సహా. అందులోంచే ఫ్రెంచ్ శాస్త్రవేత్త కువియే 1816లో పేరు తీసుకున్నాడు కాబట్టి మన కానాగంతల శాస్త్రీయ నామం ఇవాళ్టికీ రాస్ట్రెలిజర్ కనగుర్త. చేప పేరు ప్రపంచమంతా తిరిగింది. ఆ పేరు చెప్పిన జాలరి పేరు శాస్త్రీయ నామంలో లేదు. రెండొందల ఏళ్ల తర్వాత మన దగ్గర ఖాళీ గడి ఉండి కూడా పడవ నడిపే సరంగు పేరు రాయకపోతే మనకీ రస్సెల్‌కీ తేడా ఏముంది?

కాకపోతే అడక్కుండా రాయకూడదు. ఆ గడిలో పేరు, పక్కనే తేదీ, చోటు అన్నీ అందరికీ కనిపిస్తాయి, వేట నిషేధం రోజుల్లో ఎవరు ఎక్కడ వల వేశారో బయటపడితే ఆ మనిషికి లేనిపోని తలనొప్పి. తెలుగులో, తాపీగా, పేరు ఎక్కడ పడుతుందో ఫోన్లో చూపించి, మీ పేరు వెయ్యమంటారా సరంగు గారూ అని అడగండి. కొందరు సొంత పేరు వద్దు, మా పడవ పేరో సంఘం పేరో వెయ్యమంటారు, రికార్డెడ్‌బైలో గుంపుల పేర్లు కూడా వేయొచ్చు కాబట్టి ఇబ్బంది లేదు. వాళ్లు చెప్పిన చేప పేరుకి వెర్నాక్యులర్‌నేమ్ అని వేరే గడి ఉంది. ఇంకో మాట, పేరు వేశాం కదా అని రోజు కూలి ఎగ్గొట్టకండి, గుర్తింపుతో డీజిల్ రాదు.

డేటాసెట్ మొత్తానికి సంబంధించిన పేర్లు డేటాను పబ్లిష్ చేసే సాఫ్ట్‌వేర్ ఐపీటీలో మెటాడేటా (డేటాసెట్ గురించిన వివరాలు) నింపేటప్పుడు వస్తాయి. అక్కడ క్రియేటర్లుగా ఎవర్ని పెడితే వాళ్ల పేర్లతోనే సైటేషన్ (వాడుకున్నవాళ్లు తమ పేపర్లో ఇచ్చే ప్రస్తావన) దానంతటదే తయారవుతుంది, అందుకే గొడవలూ ఇక్కడే. వరస ముందే మాట్లాడుకుని రాతలో పెట్టుకోండి. డేటా శుభ్రం చేసిన అమ్మాయి, జాతుల పేర్లని వర్మ్స్ అనే సముద్ర జీవుల పేర్ల జాబితాతో సరిచూసిన రీసెర్చ్ స్కాలర్, వీళ్లని ఏదో సాయం చేశారులే అని వదిలేస్తుంటారు, నా లెక్కలో వాళ్లు క్రియేటర్లే. అంత పని చేయనివాళ్లని అసోసియేటెడ్ పార్టీ కింద ప్రాసెసర్, రివ్యూయర్ లాంటి పాత్రతో చేర్చొచ్చు. పడవ ఎక్కని, ఫైలు తెరవని డైరెక్టరు గారి పేరు మొదట పెట్టాలా అంటే, అది మీ ధైర్యాన్ని బట్టి.

డేటాని ఇతరులు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్ దగ్గర క్రియేటివ్ కామన్స్ వాళ్ల సీసీ జీరో, సీసీ బై, సీసీ బై ఎన్‌సీ (వ్యాపారానికి కుదరదు), ఈ మూడే ఒప్పుకుంటారు. సీసీ బై అయితే పేరు చెప్పడం లైసెన్స్ షరతు, సీసీ జీరో అయితే మర్యాద. అదే డేటాసెట్‌ని అన్ని రకాల జీవుల రికార్డులూ ఉండే జీబిఫ్‌లో కూడా నమోదు చేయించండి, డీఓఐ అనే శాశ్వత గుర్తింపు నంబర్ వస్తుంది, ఆ డీఓఐతో ఏ పేపర్లు వాడుకున్నాయో జీబిఫ్ పేజీలో కనిపిస్తుంది. ఏడాదికోసారి ఆ జాబితా తీసి టీమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టండి, పడవవాళ్లకి తెలుగులో ఒక వాయిస్ మెసేజ్. ఉద్యోగాల ఇంటర్వ్యూలో చూపించుకోవడానికి స్కాలర్లకి సర్టిఫికెట్ కన్నా అదే పనికొస్తుంది.

ఇతరుల డేటా మనం వాడినప్పుడూ ఇదే పద్ధతి. ఓబిస్ నుంచి తీసుకున్నాం అని ఒక్క ముక్క రాసి ఊరుకోకుండా, ప్రతి రికార్డుతో వచ్చే డేటాసెట్ ఐడీ పట్టుకుని ఆ సైటేషన్లు అన్నీ ఇవ్వండి. వందల్లో ఉంటే అనుబంధంగా ఒక ఫైలు పెట్టండి.

ఎప్పుడైనా ఎవరైనా నా పేరు తీసేయండి అంటే కారణాలు అడక్కుండా తీసేసి, ఐపీటీలో కొత్త వెర్షన్ పబ్లిష్ చేసి, నోడ్ వాళ్లకి ఒక మెయిల్ కొట్టండి. పాత కాపీలు ఎవరి దగ్గరో మిగిలిపోతాయన్న సంగతి మాత్రం పేరు వేసే రోజే చెప్పి ఉంచండి.