కంప్యూటర్ గొంతుతో లెక్కలు చదివించడం ఎలా?

ఆదోని మార్కెట్ యార్డు చుట్టుపక్కల మండీల్లో వేరుశనగ, పత్తి, ఆముదాల లెక్కలను సాయంత్రం సరిచూడటానికి సాధారణంగా ఇద్దరు కూర్చుంటారు. ఒకరు కంప్యూటర్‌లోని పట్టిక చూసి లాటు నంబరు, తూకం, ధర పైకి చదువుతుంటే మరొకరు చిట్టాలో టిక్కు పెడుతూ పోతారు. ఆ చదివే పనిని కంప్యూటర్‌లో ముందే ఉన్న గొంతుకు అప్పగించవచ్చు. గొంతును పలికించడానికి స్క్రిప్టులో, అంటే కంప్యూటర్‌కు ఇచ్చే ఆజ్ఞలను వరుసగా రాసి పెట్టిన ఫైలులో, ఒక్క వరుస చాలు. పలికినది చెవికి తప్పుగా అందకుండా వాక్యాన్ని సిద్ధం చేయడమే అసలు పని.

ముందుగా తెలుగు గొంతు ఉందో లేదో చూసుకోవాలి. మ్యాక్‌లో టెర్మినల్ (ఆజ్ఞలు టైపు చేసే కిటికీ) తెరిచి ‘సే’ అనే ఆజ్ఞకు ‘వి’ ఆప్షన్‌ను, దాని పక్కన ప్రశ్నార్థకాన్ని ఇస్తే గొంతుల జాబితా కనిపిస్తుంది. ఇటీవలి వెర్షన్లలో తెలుగుకు గీత అనే గొంతు ఉంది. లినక్స్‌లో ఈస్పీక్-ఎన్‌జీ అనే చిన్న ప్యాకేజీ ‘టీ, ఈ’ అనే రెండక్షరాల కోడుతో తెలుగు చదువుతుంది. దాని ఉచ్చారణ మరమనిషి మాట్లాడినట్టే ఉంటుంది గానీ, అంకెలు సరిచూసుకోవడానికి అది అడ్డు కాదు. విండోస్‌లో ఆజ్ఞలు టైపు చేసే పవర్‌షెల్ నుంచి ‘సిస్టమ్ డాట్ స్పీచ్’ లైబ్రరీని ఎక్కించుకొని, అందులోని ‘స్పీక్’ను పిలవాలి. అక్కడ డేవిడ్, జీరా వంటి ఇంగ్లీషు గొంతులే ఉంటే అవి తెలుగు అక్షరాలను పలకకుండా దాటిపోతాయి కాబట్టి, అంకెలు మాత్రమే ఇచ్చి ఇంగ్లీషులో వినడం మేలు. పవర్‌షెల్ 5.1 వాడేవారు తెలుగు అక్షరాలున్న స్క్రిప్టును ‘బామ్’ (ఫైలు మొదట్లో ఉండి అక్షరాల రూపాన్ని తెలిపే గుర్తు)తో కూడిన యూటీఎఫ్-8 రూపంలో భద్రపరచాలి, లేకపోతే అక్షరాలు చెదిరిపోతాయి.

తరువాత వాక్యం సంగతి. పట్టికలో ‘1207, 14.35, 6,840’ అని ఉన్న వరుసను ఉన్నదున్నట్టుగా ఇస్తే వినేవారికి ఏది తూకమో, ఏది ధరో తెలియదు. లాటు నంబరులోని అంకెల మధ్య ఖాళీ పెడితే ‘ఒకటి రెండు సున్నా ఏడు’ అని విడివిడిగా పలుకుతుంది. ధరలోని కామాను తీసివేయాలి, లేకపోతే గొంతు దానిని రెండు సంఖ్యలుగా పలికే ప్రమాదం ఉంది. లక్షల దగ్గర కామాలు రెండేసి అంకెలకు వస్తాయి కనుక ఈ చిక్కు మరింత పెరుగుతుంది. ‘క్విం.’, ‘రూ.’ వంటి పొట్టి రూపాలను పూర్తి మాటలుగా మార్చాలి.

ఎక్కువ మంది తప్పు చేసేది తూకం దగ్గరే. 14.35 క్వింటాళ్లంటే 14 క్వింటాళ్ల 35 కిలోలు. అయితే చుక్క దగ్గర విరిచి రెండు ముక్కలనూ అలాగే చదివిస్తే, 14.5 అన్నది 14 క్వింటాళ్ల 5 కిలోలుగా వినిపిస్తుంది. నిజానికి అది 50 కిలోలు. ఒక్క బస్తా బరువంత తేడా చెవి దగ్గరే పుట్టిందన్నమాట. అందువల్ల తూకాన్ని 100తో హెచ్చించి, దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించి, ఆ కిలోలను తిరిగి 100తో భాగించి, భాగఫలాన్ని క్వింటాళ్లుగా, శేషాన్ని కిలోలుగా పలికించాలి.

ఇక స్క్రిప్టు, లెక్కల ఫైలులోని ఒక్కో వరుసను తీసుకొని, తెరపై చూపి, చదివి, ఎంటర్ నొక్కేదాకా ఆగాలి. ‘ఆర్’ నొక్కితే అదే వరుసను మళ్లీ చదివేలా పెట్టుకుంటే చిట్టాలో వెతికేవారు తొందరపడనక్కరలేదు. మ్యాక్, లినక్స్‌ల టెర్మినల్‌లో నడిచే షెల్ స్క్రిప్టులో ఇక్కడొక మెలిక ఉంది: ఫైలును లూప్‌కు (ఒక్కో వరుసకూ అదే పనిని తిరిగి చేసే భాగానికి) అందించినప్పుడు, ఎంటర్ కోసం ఆగమన్న ఆజ్ఞ కీబోర్డు వైపు చూడకుండా అదే ఫైలులోని తరువాతి వరుసను మింగేస్తుంది, దాంతో ఒక లాటు విడిచి ఒక లాటు చదువుతుంది. ఆ ఆజ్ఞకు ఇన్‌పుట్ టెర్మినల్ నుంచి రావాలని విడిగా చెప్పాలి.

వేగాన్ని అలవాటును బట్టి మార్చుకోవచ్చు. ఈస్పీక్-ఎన్‌జీ మామూలుగా నిమిషానికి 175 పదాల వేగంతో చదువుతుంది. అంకెలకు 120 ప్రాంతం హాయిగా ఉంటుందని నా అభిప్రాయం. పవర్‌షెల్‌లో వేగం మైనస్ 10 నుంచి 10 వరకు ఉంటుంది, అక్కడ మైనస్ 2తో మొదలుపెట్టవచ్చు.

వాడకంలోకి తెచ్చే ముందు, ఇదివరకే సరిచూసిన ఒక పాత రోజు లెక్కను తీసుకొని, సున్నాతో ముగిసే లాటు, 0.05 వంటి చిన్న తూకం, లక్ష దాటిన మొత్తం అందులో తప్పక ఉండేలా చూసుకొని, తెర వైపు చూడకుండా ఒకసారి వినాలి.