ఎండాకాలం ప్రయాణంలో ఒంట్లో నీరు తగ్గకుండా

మే నెలలో శ్రీకాకుళం దగ్గరి అరసవల్లి, శ్రీకూర్మం గుళ్లకు వెళ్లేవాళ్లు పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగి బయల్దేరండి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట త్వరగా ఆరదు, ఒళ్లు చల్లబడదు. దాహం వేసేదాకా ఆగకుండా అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగుతుండాలి.

చాలామంది తప్పుచేసేది ఓఆర్‌ఎస్ దగ్గరే. లీటరు నీళ్లకు సరిపడే ప్యాకెట్‌ను చిన్న సీసాలో కలిపితే ఉప్పు ఎక్కువై వాంతులవుతాయి. పిల్లలకైతే ప్రమాదం కూడా. ప్యాకెట్ మొత్తం లీటరు మంచినీళ్లలోనే కలపండి, 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, అన్నీ స్పూను అంచుకు సమంగా తలకొట్టి కొలిచి వేయాలి. కూల్‌డ్రింకులు వద్దు, ముంజలు, కొబ్బరినీళ్లు మేలు.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే నీడకు చేర్చి, తడిగుడ్డతో తుడుస్తూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.